చివరి సైకిలు

రెండో మిట్ట ఎక్కే మలుపులో, రోడ్డు పక్క గడ్డిలో, ఎవరో చప్పరించి పారేసిన గ్లూకోజు పొట్లం కనిపించింది. తోక అని అందరూ పిలిచే మనిషి సైకిలు దిగాడు. రెండు వేళ్ల కొసలతో దాన్ని పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని, క్యారియర్‌కి కట్టిన సంచీలో పడేశాడు. పొట్లం మూతి దగ్గర ఉమ్ము ఇంకా ఆరలేదు. సీసాలో నీళ్లతో వేళ్లు కడుక్కుని, వాసన చూసుకుని, మళ్లీ కడుక్కున్నాడు.

ఆ పేరు అతనికి పనిచోట పెట్టారు. రోజూ పొద్దున్నే పదిమందో పన్నెండుమందో పట్నంవాళ్లు సైకిళ్లెక్కి గుట్టల మధ్య పల్లెలు చూడటానికి బయలుదేరతారు. ముప్ఫై ఎనిమిది కిలోమీటర్లు, మూడు మిట్టలు, ఐదు ఊళ్లు. చుట్టు తిరిగి మధ్యాహ్నం దాటాక మళ్లీ షెడ్డుకే చేరతారు. షెడ్డు గోడమీది బోర్డులో ఈ దారికి ఎదురుగా 'మోస్తరు కష్టం' అని రాసి ఉంటుంది. అందరికన్నా ముందు గైడు పోతాడు. అందరికన్నా వెనక తోక వస్తాడు. వెనకబడ్డవాళ్లని కనిపెట్టుకుని ఉండటం, పంక్చర్లు వెయ్యడం, వాళ్లు పారేసుకుంటూ పోయినవన్నీ ఏరడం అతని పని. వయసు యాభై ఏడు. సన్నటి మనిషి, పొడుగు మెడ. గోళ్లు చర్మం దాకా కత్తిరించుకుంటాడు.

అందరూ ఆ దారి అందం గురించి చెప్పుకుంటారు. తోకకి కనిపించే దారి వేరు. మొదటి ఊరి రాతిగోడ వెనక తుడుచుకుని పారేసిన కాగితాలు. వంతెన కమ్మీకి అంటించిన బబుల్‌గమ్, దాని మీద పంటి గుర్తులు. రెండో ఊళ్లో పందుల షెడ్డు కంపు, ఆ షెడ్డు ముందు ఒకళ్లమీద ఒకళ్లు పడి ఫొటోలు దిగేవాళ్ల చంకల చెమట, ఆ చెమట మీద పూసుకున్న క్రీము. ఇవాళ ఒకాయన చేతులు చాపి "ఆహా, పల్లెగాలి" అని గుండెల నిండా పీలిస్తే, వెనక నిలబడ్డ తోక ఊపిరి బిగబట్టుకున్నాడు.

ఈ రోత పుట్టుకతో వచ్చింది కాదు. పంతొమ్మిదేళ్లపాటు కోళ్ల ఫ్యాక్టరీలో, గొలుసుకి తలకిందులుగా వేలాడుతూ వచ్చే కోళ్ల పొట్టల్లో చెయ్యి పెట్టి పేగులు లాగాడు. ఫ్యాక్టరీ మూతపడింది గానీ, వేళ్లమీద ఆ వెచ్చటి జారుడు పోలేదు. భోజనం చెంచాతోనే చేస్తాడు. కూతురు పసిపిల్లగా ఉన్నప్పుడు ఒక్కనాడూ గుడ్డలు మార్చలేదు. తండ్రి మంచాన పడ్డ నాలుగు నెలలూ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు. మంచం దగ్గర చాకిరీ అంతా భార్యే చేసింది. ఆఖరి రోజున "లోపలికి రండి, మీకోసమే చూస్తున్నారు" అని ఆవిడ పిలిస్తే, గడప అవతల ఒక కాలు పెట్టి, వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి నాలుగు తిడితే బాగుండునని అతనికి చాలాసార్లు అనిపించింది.

ఇవాళ వెనకబడ్డది ఒక ముసలాయన. డెబ్బై దాటి ఉంటాయి. కూతురూ అల్లుడూ పట్టుబట్టి తీసుకొచ్చారు. మొదటి మిట్ట దిగగానే "నాన్నా, నువ్వు నిదానంగా రా, వెనకాల మనిషున్నాడుగా" అనేసి ముందుకు వెళ్లిపోయారు. ముసలాయన వంద గజాలకోసారి ఆగి, కాండ్రించి ఉమ్మేవాడు. వేళ్లతో ముక్కు చీదేవాడు. అవే వేళ్లతో హ్యాండిలు పట్టుకునేవాడు. సాయంత్రం ఆ సైకిలు కడగాల్సింది తనేనని తలుచుకుంటే తోకకి ఒళ్లు జలదరించింది.

రెండో మిట్ట పైకెక్కాక ముసలాయన సైకిలు గోడకి ఆనించి, జేబులోంచి ఉడకబెట్టిన గుడ్డు తీశాడు. పెంకు ఒలిచి, సగానికి విరిచి, ఒక సగం ముందుకి చాపాడు.

"తీసుకో నాయనా."

"వద్దండీ. ఇందాకే తిన్నాను."

"అబద్ధం. పొద్దుటినించీ మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు నువ్వు." ముసలాయన నవ్వాడు. "నా చేతులు చూసి కదూ?"

తోక గుట్టల వైపు చూశాడు.

"ముప్ఫై నాలుగేళ్లు మురుగునీళ్ల పంపుల దగ్గర పనిచేశా. ఊరు ఊరంతా వదిలిందంతా నా కళ్లముందు నించే పోయేది. కొత్తలో మా ఇంటావిడ నన్ను గుమ్మం బయటే నిలబెట్టి నీళ్లు గుమ్మరించేది."

"తర్వాత్తర్వాత అలవాటైపోయి ఉంటుంది మీకు."

"ఎక్కడ అలవాటు? ఆఖరి డ్యూటీ రోజున కూడా వాంతి వచ్చింది. మింగి ఊరుకునేవాణ్ణి, అంతే." రెండో సగం కూడా తనే నోట్లో వేసుకున్నాడు. "నువ్వెక్కడ చేసేవాడివి?"

"కోళ్ల ఫ్యాక్టరీలో."

"ఓహో" అన్నాడు ముసలాయన, చేతులు ప్యాంటుకి తుడుచుకుంటూ.

మూడో మిట్ట పెద్దదేం కాదు. అయినా ముసలాయన సగంలోనే దిగి, సైకిలు నెట్టుకుంటూ నడిచాడు. ఐదో ఊరి మొదట్లో బస్సుల కోసం వేసిన సిమెంటు బల్ల ఉంది. "కాస్త కూర్చుంటా" అని దానిమీద కూలబడ్డాడు. మొహం బూడిద రంగుకి తిరిగింది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అది తనది కానట్టు చూస్తున్నాడు. తోక అంబులెన్సుకి ఫోన్ చేసి, తర్వాత గైడుకి చేశాడు.

"భోజనాల దగ్గరున్నాం. మిగతావాళ్లకి తెలియనివ్వకు, అందరి సరదా పాడవుతుంది" అన్నాడు గైడు.

"ఆయన కూతురికి చెప్పు."

"ముందు తిననీ."

తోక ఫోన్ పెట్టేశాడు. పంక్చర్ దగ్గర నల్లటి జిగురు వేళ్లకి అంటుకున్నప్పటిలా, ఆ గొంతు చెవికి అంటుకుని వదల్లేదు.

అంతలో ముసలాయన ముందుకి వంగి భళ్లున కక్కుకున్నాడు. బల్లమీద, తన చొక్కామీద, తోక ప్యాంటుమీద పడింది. పక్కకి ఒరిగిపోతుంటే తోక పట్టుకున్నాడు. గొంతులోంచి గురక లాంటి చప్పుడు వస్తోంది. నోట్లో పై వరస పళ్లు, కట్టుడువి, ఊడి అడ్డంగా తిరిగాయి. తోక చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ముసలాయన నోట్లో రెండు వేళ్లు పెట్టాడు. వెచ్చగా ఉంది, జారుతోంది. కళ్లు మూసుకుని, లోపలిదాకా పెట్టి, పళ్లు లాగేసి, నాలుక మీద ఉన్నదంతా వేళ్లతో తోడేశాడు. ఊపిరి ఆడింది. పళ్లు జేబురుమాల్లో చుట్టి జేబులో తోసుకుని, ముసలాయన తల ఒళ్లో పెట్టుకుని, చొక్కా చేతితో ఆయన గడ్డం, మెడ, చెవి వెనక తుడిచాడు.

ముసలాయన కళ్లు తెరిచాడు. "నీ మీద పడిందా నాయనా?" అన్నాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"పర్లేదండీ. కడుక్కుంటే పోతుంది."

ముసలాయన ఇంకేదో అనబోయి, తోక చెయ్యి పట్టుకున్నాడు. తోక లాక్కోలేదు. కాసేపటికి ఆ పట్టు దానంతటదే వదులైంది.

అప్పటికి ఊళ్లోవాళ్లు నలుగురు చేరారు. ఒకడు ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. ఇంకొకడు ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని, నాలుగడుగుల దూరంలో నిలబడి చూస్తున్నాడు. పొద్దుటినించీ చూసిన వాటన్నింటికన్నా ఆ నిలబడ్డ మనిషిని చూస్తే తోకకి ఎక్కువ రోత పుట్టింది.

అంబులెన్సు వెనకే కూతురూ అల్లుడూ వచ్చారు. అల్లుడు మామగారి వాచీ, ఫోను అడిగి తీసుకున్నాడు. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తండ్రి మొహం కేసి చాలాసేపు చూసింది.

"నాన్న బాధపడ్డాడా?" అంది.

"లేదమ్మా. మాట్లాడుతూనే పోయారు."

షెడ్డులో గైడు "ఆ సైకిలు గట్టిగా కడుగు, రేపటికి తొమ్మిదిమంది ఉన్నారు" అన్నాడు. తోక కడిగాడు. చక్రాల పుల్లలు ఒక్కొక్కటే తుడిచాడు. తర్వాత షెడ్డు వెనక్కి వెళ్లి, పొద్దుటినించీ ఏమీ తినని కడుపుతో పసరు వాంతి చేసుకున్నాడు.

సాయంత్రం ఇంటికొచ్చి బట్టలు మారుస్తుంటే జేబులో జేబురుమాలు చేతికి తగిలింది. గైడు దగ్గర నంబరు తీసుకుని ఆ కూతురికి ఫోన్ చేశాడు. మాట్లాడింది అల్లుడు. "ఇప్పుడవెందుకండీ, పారేయండి" అన్నాడు.

తోక చెత్తబుట్ట దాకా వెళ్లి, కాలితో మూత తెరిచి నిలబడ్డాడు. మూత వదిలేసి, కొళాయి దగ్గరికి వచ్చాడు. తన బ్రష్షే తీసుకుని, పేస్టు వేసి తోమడం మొదలుపెట్టాడు.

భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఎవరివవి?"

"ఒక పెద్దాయనవి. నా చేతుల్లోనే పోయాడు."

ఆవిడ అతని మొహం కేసి, తర్వాత తడి చేతుల కేసి చూసింది. అలమరలోంచి చిన్న గాజుగిన్నె తీసి, నీళ్లు పోసి, పక్కన పెట్టింది.

పళ్లు అడుక్కి దిగి, ఒక్కసారి ఊగి, నిలిచాయి. ఒకవైపే నమిలేవాడు కాబోలు, ఎడమవైపువి నున్నగా అరిగిపోయి ఉన్నాయి. కుడివైపువి మాత్రం ఇవాళే పెట్టించుకున్నట్టు ఉన్నాయి.