ఆరుగురికి మాత్రలు

"వదినా, ఆ దోమల క్రీమ్ ఇలా ఇవ్వండి" అన్నాడు మా మరిది. ఇచ్చాను. తనకే అనుకున్నాను. అతను గెస్ట్‌హౌస్ మెట్ల మీద కూర్చుని, పక్కనున్న పెళ్ళాం కాలు ఒళ్ళోకి తీసుకుని పాదం నుంచి పిక్క దాకా రాయడం మొదలుపెట్టాడు. మా తోడికోడలు చదువుతున్న పుస్తకంలోంచి తల కూడా ఎత్తలేదు. అతను "రెండోది" అంటే రెండో కాలు ఇచ్చింది, అంతే.

నేను కిటికీకి ఇవతల, మంచం మీద మోకాళ్ళతో నిలబడి దోమతెర అంచులు పరుపు కిందికి దోపుతున్నాను. అది నాలుగో మంచం. దాచుకోవడమెందుకు, నాకు పచ్చి కుళ్ళు పుట్టింది. ఆ క్రీమ్ కొన్నది నేను. పిల్లల ఒంటికి పడుతుందో లేదో పెట్టె మీది చీమతలకాయంత అక్షరాలు చదివి మరీ కొన్నది నేను. పన్నెండేళ్ళ కాపురంలో నా కాలు ఒక మనిషి ఒళ్ళోకి తీసుకున్నది ఒక్కసారే, మడమ విరిగినప్పుడు, అది కూడా కట్టు కట్టే కాంపౌండరు. ఆవిడగారేమో ఒక చిన్న సంచీ, ఒక పుస్తకం, నల్లకళ్ళద్దాలు పట్టుకుని హాయిగా వచ్చింది. నా సంచీలో తెరలు, తాళ్ళు, చాకు, క్రీములు, థర్మామీటరు, అందరి పొడుగు చేతుల చొక్కాలు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. వానలు మొదలయ్యాక మలేరియా స్లైడ్లు చూసీ చూసీ కళ్ళు లాగేస్తాయి. ఎర్రకణం మధ్యలో చిన్న ఉంగరంలా కూర్చుని ఉంటుంది ఆ క్రిమి. అందుకే అడవి అంచున, చెరువు పక్కన వారం రోజులు అనగానే వద్దన్నాను. "ల్యాబులో కూర్చుని కూర్చుని నీకు లోకమంతా రోగాలే కనిపిస్తున్నాయి" అన్నారు మా ఆయన. "సరదాగా ఎటైనా వెళ్దామంటే చాలు, ముందు దీర్ఘాలు తీస్తుంది" అంది అత్తయ్య. ఇక నోరు మూసుకుని డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. వారానికొక మాత్ర. బయల్దేరడానికి వారం ముందు నుంచి, తిరిగొచ్చాక నాలుగు వారాల దాకా. పిల్లలిద్దరికీ బరువుని బట్టి తక్కువ మోతాదు. ల్యాబులో నమూనాలకి లేబుళ్ళు అంటించినట్టు ఒక్కొక్కరికీ ఒక్కో కవరు చేసి, పైన పేర్లు రాశాను. అది చూసి మా ఆయన నాకు దోమల మంత్రి అని బిరుదిచ్చారు.

నిన్న దిగగానే తోడికోడలు పొట్టి చేతుల గౌనుతో చెరువు గట్టుకి బయల్దేరింది. పొడుగు చేతులది వేసుకోమన్నాను. "మీరుండగా నాకేం భయం అక్కా" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. మంచి మాటే అంది పాపం. అయినా రాత్రి తిండి కూడా సయించలేదు నాకు. నేనున్నానని ఆమెకి భయం లేదు, బాగానే ఉంది. నాకు భయం లేకుండా ఉండాలంటే ఎవరుండాలి?

తెరలు దోపడం అయ్యాక టీ కోసం వంటాయన దగ్గరికి వెళ్ళి ఇక్కడ దోమలెలా ఉన్నాయని అడిగాను. "మా ఆవిడకి మలేరియానే అమ్మా, నిన్ననే మంచం దిగింది. ఈ రోజుల్లో ఇక్కడ మామూలే" అన్నాడు, ఏదో వాన పడింది అన్నంత తేలిగ్గా. ఆదివారం, మాత్రల రోజు. ఈ వారానికి మనిషికొక్క మాత్రే కవర్లలో పెట్టి తెచ్చాను, మిగతావి ఇంట్లో ఉన్నాయి. అందరినీ వరండాలోకి పిలిచి, పళ్ళెంలో పెట్టుకొచ్చిన కవర్లు పంచాను. అత్తయ్యకి, ఆయనకి, మరిదికి, తోడికోడలికి, పిల్లలిద్దరికీ. తర్వాత గ్లాసు నింపుకుని నా కవరు కోసం పళ్ళెంలో చెయ్యి పెట్టాను.

పళ్ళెం ఖాళీ. నా కవరు లేదు. దాన్ని నేను అసలు చేయనే లేదు. డాక్టరు ఎంతమందికని అడిగితే ఆరుగురికి అన్నాను. రోజూ భోజనాలకి కంచాలు లెక్కపెట్టే అలవాటే నోట్లోంచి వచ్చేసింది. నా కంచం అందరూ లేచాక కదా. పోయిన ఆదివారం కూడా అందరి చేతా మింగించి, టిక్కులు పెట్టుకుని, డ్యూటీకి ఆలస్యమవుతోందని పరుగెత్తాను. ఊళ్ళోవాళ్ళ రక్తమంతా పరీక్షించే దాన్ని, నాకు మాత్ర కొనుక్కోవడం మర్చిపోయాను. మడమ పైన నిన్నటి దద్దుర్లు నాలుగున్నాయి.

"నాకు మాత్ర లేదు" అన్నాను.

"నిన్ను కుడితే దోమకే జ్వరం వస్తుందిలే" అన్నారు మా ఆయన ఫోను చూస్తూ. పిల్లలు కూడా పకపకా నవ్వారు.

"దానికేం, గట్టి పిండం. పురుడు పోసుకున్న మూడో రోజే లేచి పని చేసుకుంది" అంది అత్తయ్య. మెచ్చుకున్నాననే అనుకుంది.

తోడికోడలు నవ్వలేదు. తన మాత్ర ఇంకా అరచేతిలోనే ఉంది. "ఇది మీరు వేసుకోండక్కా" అని చెయ్యి చాపింది. మరిది చటుక్కున ఆమె పిడికిలి మూసేశాడు. "పిచ్చా నీకు? వదినకి ఇంకోటి తెప్పిద్దాం. ముందు నువ్వు మింగు."

అతని మీద నాకు కోపం రాలేదు. ఆ మూసిన చెయ్యి చూస్తుంటే ఏడుపొచ్చింది. ఇవ్వడానికి ఆమె దగ్గర ఒక మాత్ర ఉంది, ఇవ్వనివ్వకుండా ఆపడానికి ఒక మనిషీ ఉన్నాడు. రెంటినీ చూసి కుళ్ళుకున్నాను. సిగ్గు లేకుండా మా ఆయన వైపు కూడా చూశాను, ఏమైనా అంటారేమోనని. అన్నారు. "టీ చల్లారిపోయింది, కాస్త వేడి చేయించు."

కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. వంటాయన టీ వేడి చేస్తుంటే టౌనుకి బస్సెప్పుడని అడిగాను. రోజుకి ఒకటే, పొద్దున ఏడింటికి అన్నాడు. కప్పు తెచ్చి మా ఆయన చేతికిచ్చాను.

"రేపు ఏడింటి బస్సుకి నేను వెళ్ళిపోతున్నాను. ఇంటికెళ్ళి డాక్టర్ని చూస్తాను."

"ఒక్క మాత్ర కోసమా? తెప్పిద్దామన్నాడుగా వాడు."

"ఎవరు తెస్తారు?"

మరిది చెరువు వైపు చూశాడు.

"ఇంకా అయిదు రోజులుంది" అన్నారాయన. ఈసారి ఫోను పక్కన పెట్టారు. "సాయంత్రాలు ఈ తెరలెవరు కడతారు? పిల్లల సంగతేంటి? మమ్మల్నందర్నీ ఇక్కడ వదిలేసి వెళ్తావా?"

"మీ ఆరుగురికీ మాత్రలున్నాయి" అన్నాను. "మీరు ఉండండి."