మాట్లాడే అట్టపెట్టె

నూకరత్నం గది తుడుస్తోంది. మంచాల కింద, పుస్తకాల గుట్టల సందుల్లో, నేలంతా పాకిన ఛార్జర్ తీగల చుట్టూ తడిగుడ్డ సరసరా తిరుగుతోంది. నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆమె చెయ్యి నెమ్మదించింది. గుడ్డను మళ్ళీ గట్టిగా పిండి, నా అడుగు తడవకుండా బెత్తెడు ఎడం వదిలి తుడిచింది. కరెంటు వస్తువు కదా, నీళ్ళు తగిలితే పాడైపోతుందని ఆమె భయం.

నేను ఒక అట్టపెట్టెను. నాలో కరెంటు లేదు, తెలివి లేదు, లేవన్న సంగతి దాచుకునే అలవాటు కూడా లేదు. ఆ అలవాటు మనుషులది.

చిత్తుకాగితాలూ గడ్డీ కలిపి ఉడికించిన ముద్ద నుంచి పుట్టాను. పుట్టగానే ఒంటి మీద పైకి చూపే బాణమూ, ‘జాగ్రత్త’ అనే మాటా అచ్చు వేశారు. ఆ జాగ్రత్త నాకోసం కాదని తొందరగానే తెలిసింది. రెండు తలుపుల ఫ్రిజ్‌ని కడుపులో పెట్టుకుని విశాఖపట్నంలో ఒక ఇంటి ముందు దిగాను. ఫ్రిజ్‌కి పసుపూ కుంకుమా పెట్టి హారతిచ్చారు. నన్ను మేడ మెట్ల కింద నిలబెట్టారు. వారంటీ తీరేదాకా పెట్టె పారేస్తే అరిష్టమని ఆ ఇంటాయన నమ్మకం. వారంటీ తీరింది. పాత సామాన్ల బండి ఎక్కాను. ఆ బండి మీద నన్ను చూసి, “సైజు సరిపోతుంది, మనిషి పడుతుంది” అని సంబరపడి కొనుక్కున్నవాళ్ళు ఇద్దరు డిగ్రీ అమ్మాయిలు.

వాళ్ళు చదివేది యూఎక్స్ డిజైన్. మీట నొక్కబోతూ మనిషి వేలు ఎక్కడ తడబడుతుంది, తెర చూసి ఎందుకు విసుక్కుంటాడు అని గమనించి, వస్తువును మనిషికి అనువుగా మలిచే చదువట. మంచి చదువే. తలుపు మీద ‘లాగండి’ అని రాసి ఉన్నా తోసే జాతికి అవసరమే. వాళ్ళు అద్దెకున్న ఇంట్లో ‘సహానుభూతి’ అన్న మాట ఉప్పు కంటే ఎక్కువ ఖర్చయ్యేది. తాగిన కాఫీ గ్లాసులు మాత్రం తాగినచోటే ఎండి అట్టకట్టేవి. వాటిని గోకి కడిగేది నూకరత్నం.

ఇద్దరిలో చరిత విజయవాడ పిల్ల. ఏ మాటకైనా మెరుగు పెట్టగలదు. వరలక్ష్మి మాడుగుల దగ్గర పల్లె నుంచి వచ్చింది. తెలుగు బడిలో చదివింది, తల వంచుకుని పని చేస్తుంది. చివరి ఏడాది ప్రాజెక్టుగా, చదువురానివాళ్ళు నోటితో చెబితే దరఖాస్తు పెట్టే యంత్రాన్ని వాళ్ళు తలపెట్టారు. యంత్రం చెయ్యడం వాళ్ళకి రాదు. రానక్కర్లేదు కూడా. ఉత్తుత్తి యంత్రంలో మనిషిని దాచి, ఎదుటివాళ్ళని అది నిజమేనని నమ్మించి, వాళ్ళెలా నడుచుకుంటారో చూడటం ఆ చదువులో ఒక పద్ధతి. పరీక్ష కాగానే ఎదుటి మనిషికి నిజం చెప్పెయ్యాలని కూడా వాళ్ళ పుస్తకంలో ఉంది. ఆ వాక్యం కింద చరిత ఆకుపచ్చ గీత గీసింది. గీత గీస్తే పాటించినట్టే కాబోలు.

నాకు మెరిసే నీలం కాగితం అతికించారు. ముఖాన ఒక పాత ట్యాబ్, దాని కింద చిన్న స్పీకరు బిగించారు. వెనక తలుపు కోసి, లోపల స్టూలు వేసి, దాని మీద వరలక్ష్మిని కూర్చోబెట్టారు. లోపల కూర్చుని ఉక్కలో చెమటోడ్చడానికి చరిత ఎందుకు రాలేదంటే, ఆమె ‘పరిశీలకురాలు’.

యూజర్లు కావాలి. ఎండలో తిరిగి వెతికే ఓపిక ఎవరికుంది? ఇంట్లోనే అంట్లు తోముతూ ఒక యూజర్ దొరికింది.

“ఆంటీ, కొత్త మిషను వచ్చింది. మీకు నిజంగా కావలసిన పని ఏదైనా దీనికి చెప్పండి. నిజమైన పనే చెప్పాలి, సరేనా?” అంది చరిత.

నూకరత్నం చేతులు తుడుచుకుని నా ముందు నిలబడింది. “మా లాస్యకి గురుకులంలో అయిదో తరగతి సీటు కావాల. దరకాస్తు ఎట్టాల. నాను పనికొచ్చీస్తే పిల్ల ఒక్కర్తీ ఇంటికాడుండిపోతంది తల్లీ. అక్కడైతే తిండీ, సదువూ, కాపలా అన్నీ ఉంటాయంట.”

స్పీకర్లోంచి వరలక్ష్మి గొంతు యంత్రంలా పలికింది. పేరు అడిగింది, ఊరు అడిగింది, ఆధార్ అంకెలు అడిగింది. నూకరత్నం ఒక్కొక్కటీ కూడబలుక్కుని చెప్పింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు వెలిగింది. “మీ దరఖాస్తు అందింది. ధన్యవాదాలు.”

నూకరత్నం నాకు దణ్ణం పెట్టింది. “మనుషుల్నడిగితే రేపు రా, ఎల్లుండి రా అంతారు. ఇది మా మంచి మిషను తల్లీ. నన్ను కసరనేదు.”

చరిత కళ్ళు మెరిశాయి. ఆ మాటలు పసుపు చీటీ మీదికి ఎక్కి నా పక్కకి అతుక్కున్నాయి. దాని కింద ఇంకో చీటీ: ‘యూజర్ భావం: ఆశ’. నా ఒంటి మీద ఇంతకు ముందు గోరుగీతలున్నాయి, బల్లి రెట్టలున్నాయి. అవేవీ నన్నింతగా మురికి చెయ్యలేదు.

ఆమె వెళ్ళాక వరలక్ష్మి నా వెనక తలుపు తోసుకుని బయటపడింది.

“చెప్పెయ్యాలి కదా? నూకరత్నమక్క నిజమనుకుంటోంది.”

“ఇప్పుడే చెబితే రెండో రౌండు పోతుంది. అప్లై చేశాక ఎదురుచూపులో యూజర్ ఏమనుకుంటుందో ఎవ్వరూ స్టడీ చెయ్యలేదే. మార్కులేసే జ్యూరీకి అదే హైలైట్.”

“పోనీ, మనమే నెట్ సెంటర్లో నిజంగా పెట్టేద్దాం.”

“ఓటీపీ ఆంటీ ఫోనుకి పోతుంది, ఇదేంటని వెంటనే అడుగుతుంది. జ్యూరీ అయిపోనీ వరలక్ష్మీ, మనమే దగ్గరుండి పెట్టిద్దాం. ఇంకా టైముంది.”

టైముంది అన్నది లాస్య టైము గురించి. తన టైము సంగతైతే చరిత గోడ మీద రంగురంగుల పట్టిక వేసుకుంది.

ఆ మర్నాటి నుంచి తుడవడం అయ్యాక నూకరత్నం నన్ను పలకరించేది. “నా పిల్ల పని ఎంతవరకొచ్చింది?” లోపలి నుంచి వరలక్ష్మి, “పరిశీలనలో ఉంది” అనేది. అన్ని ఆఫీసుల్లోనూ గుమస్తాలు చెప్పే ముక్క అది. దాన్ని కసురుకోకుండా చెప్పడానికే ఇంత డిజైను.

ఒకరోజు నూకరత్నం ఇంకో మాట చెప్పింది. “బళ్ళో టీచరమ్మ నాను పెట్టిస్తాను రమ్మంది. అక్కర్నేదు, మా పాపల మిషను పెట్టీసింది అన్చెప్పీసినాను.”

నాలోపల వరలక్ష్మి స్టూలు మీంచి లేవబోయింది. ఆమె మోకాళ్ళు నా గోడకు గుచ్చుకున్నాయి. చెయ్యి నా వెనక తలుపు మీదికి వెళ్ళింది. తోస్తే ఊడి వచ్చే తలుపు, టేపు ముక్కతో ఆగినది. ఎదురుగా చరిత ఫోను పట్టుకుని నిలబడి ఉంది. జ్యూరీకి ఇంకా రెండు రోజులు. చెయ్యి వెనక్కి వచ్చింది. “పరిశీలనలో ఉంది,” అన్నాను నేను. అంటే వరలక్ష్మి అంది. ఇన్ని చదువులు చదివి, టేపు ముక్క పీకే బలం రాలేదు.

జ్యూరీకి నన్ను ఆటోలో కట్టి తీసుకెళ్ళారు. ‘రేపు రా, ఎల్లుండి రా’ మాట మొదటి స్లయిడుగా పడింది. నూకరత్నం ముఖం మసక చేశారు, ఆధార్ అంకెల మీద నల్ల పట్టీ వేశారు. ఒక మేడమ్, “ఎథిక్స్ చాలా బాగా పాటించారు” అని మెచ్చుకుంది. చప్పట్లు కొట్టారు.

ఇంటికొచ్చాక, కాజాల పొట్లం చేతిలో పెట్టి నూకరత్నానికి నిజం చెప్పారు. చరిత నవ్వుతూనే చెప్పింది, అది ఆమెకు బాగా వచ్చిన పని. “ఇది నిజం మిషను కాదు ఆంటీ, ఉత్తి డబ్బా. మీ వల్లే మాకు ఫస్ట్ వచ్చింది!” నా వెనక తలుపు తెరిచి చూపించింది.

నూకరత్నం వంగి లోపలికి చూసింది. ఒక స్టూలు, నీళ్ళ సీసా, విసనకర్ర.

“మరి దరకాస్తు?”

వరలక్ష్మి నేల చూస్తూ అంది. “గడువు నిన్నటితో అయిపోయిందక్కా. పొద్దున్న నెట్‌లో చూశాను.”

“ఏం ఫర్లేదు ఆంటీ, వచ్చే ఏడాది మేమే పెట్టిస్తాం,” అంది చరిత.

“అయిదులోనే తీసుకుంతారు. వచ్చే ఏడు అది ఆరుకొచ్చీయదా?”

ఇది చరిత పరిశోధనలో లేదు. అలవాటైన దారి పట్టింది. ఫోను పైకెత్తి రికార్డింగు మీట నొక్కింది.

“ఆంటీ, చివరగా ఒక్క ప్రశ్న. ఈ మొత్తం అనుభవం మీకు ఎలా అనిపించింది?”

నూకరత్నం కాజాల పొట్లాన్ని నా నెత్తిన పెట్టింది. బొడ్లో దోపిన చెంగు తీసి భుజాన కప్పుకుంది. గుమ్మంలో వరలక్ష్మి అడ్డుగా నిలబడి ఉంటే, ఆమె తప్పుకునేదాకా ఆగింది. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.