పదిహేడో గిన్నె

చింబాయ్ ఊళ్లో శుక్రవారమంటే కొర్రన్నం, గొర్రెమాంసం. తాజిగుల్ ఇంట్లో పెద్దకోడలు బీబిజాన్ పొద్దున్నే కాలవ నుంచి ఎనిమిది బిందెల నీళ్లు మోసి, పిడకల పొయ్యి రాజేసి, ఇనప గుండిగ ఎక్కించేది. పన్నెండేళ్లుగా అదే చాకిరీ. ఒళ్లు హూనమైపోయేది, అయినా ఎవరితో చెప్పుకుంటుంది?

ఆ గుండిగలో గుప్పెడు కొర్రలు పోసినా, గంపెడు పోసినా, ఉడికేసరికి ఏడు లక్షల ఇరవై వేల ఏడు వందల ఇరవై గింజలయ్యేవి. పోయిన మామగారు లెక్కల మేష్టారు. ఒక చలికాలమంతా కూర్చుని ఆయనే లెక్కపెట్టాడు. ఆ సంఖ్యని ఒకటి నుంచి పదహారు దాకా దేనితో భాగించినా శేషం రాదని తెగ సంబరపడిపోయాడు. అందుకే ఊళ్లో ఏ ఇంట్లోనైనా అందరూ ఒకే పళ్లెంలో తింటున్నా ఆ ఇంట్లో మాత్రం ఎవరి గిన్నె వాళ్లది. తాజిగుల్ గరిటె తిప్పిందంటే గింజ తేడా లేకుండా పడేది. అడుగున గింజ మిగిలిన రోజే పొయ్యి వేరు చెయ్యాలని మేష్టారు కట్టడి చేసి మరీ పోయాడు.

కాలవ అవతల బీబిజాన్ మొగుడు ఒరిన్‌బాయ్ కట్టిన రెండు మట్టిగదులు మూడేళ్లుగా ఖాళీగా పడున్నాయి. వేరు పోతామని అతను నసిగినప్పుడల్లా తల్లి గుండిగ అడుగు చూపించేది. అక్కడ ఏముంటుంది, ఉత్త ఇనుము తప్ప. తినేవాళ్లు పదహారుమంది. వండిన మనిషిని లెక్కలో వెయ్యడం ఆ ఇళ్లల్లో ఆచారం కాదు. గోకి తిందామన్నా గింజ ఉండదు కాబట్టి బీబిజాన్ గుమ్మం పక్కన కూర్చుని రొట్టెముక్క టీలో ముంచుకు తినేది. నా రాత ఇంతే అనుకునేది.

ఆ శుక్రవారం ఆమెకి అలకా లేదు, పోట్లాడే ఉద్దేశమూ లేదు. నిలబడే ఓపిక లేదంతే. పదహారు గిన్నెలు పరిచి, ఇంకోటి చివర్న పెట్టి, దాని ముందు కూలబడింది. తోటికోడలు నోరెళ్లబెట్టింది.

"నీకేమైందే?" అంది తాజిగుల్.

"కాళ్లు పీకేస్తున్నాయి అత్తయ్యా. నాకూ పెట్టండి."

తాజిగుల్ గరిటె అందుకుని వడ్డించింది. పదిహేడో గిన్నె కూడా అయ్యాక గుండిగ వంచి చూసింది. అడుగున ఐదు గింజలున్నాయి. వేలితో లెక్కపెట్టింది, మళ్లీ లెక్కపెట్టింది. ఒరిన్‌బాయ్ తల దించుకున్నాడు. ఎవరూ ముద్ద ఎత్తలేదు. బీబిజాన్ అన్నం గిన్నెలోనే చల్లారిపోయింది.

"మీ మామ పదహారు దాకా భాగించి ఆపేశాడు," అంది తాజిగుల్ చివరికి. "అప్పట్లో వండేదాన్ని నేను. నన్నూ లెక్కలో వెయ్యలేదు, మహానుభావుడు."

ఆ ఐదు గింజలూ గుడ్డపీలికలో మూటకట్టి, కొత్త పొయ్యి మీద మొదటి ఎసట్లో వేసుకోమని కోడలి చేతిలో పెట్టింది. ఆదివారానికల్లా బీబిజాన్, మొగుడు, ఇద్దరు పిల్లలు కాలవ దాటారు.

తరవాతి శుక్రవారం, సామాన్లలో కలిసి వచ్చేసిన గరిటె తిరిగిచ్చేద్దామని బీబిజాన్ అత్తింటికి వెళ్లింది. పొయ్యి దగ్గర తాజిగుల్ పొగకి కళ్లు తుడుచుకుంటోంది. పన్నెండు గిన్నెలు పరిచింది. నడుం పట్టుకుని కాసేపు నిలబడి, గూట్లోంచి ఇంకోటి తెచ్చి తనకి పెట్టుకుంది. గుమ్మంలో కోడల్ని చూసి, మళ్లీ గూటి దగ్గరికి వెళ్లి పద్నాలుగోది తీసింది.

"కూర్చోవే. పద్నాలుగైనా సమానంగానే వస్తుంది."

బీబిజాన్ కూర్చుంది. ఆ ఇంటి కొర్రన్నం వేడిగా తినడం ఆమెకి అదే మొదలు.