రెండు ముఖాల పుట్టగొడుగు

మేనకోడలు అట్టపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టగానే మామయ్య మొహం వెలిగిపోయింది. అందులో ఉన్నది ముప్పై ఏళ్ల కిందట ఒక పడిపోయిన మాను మీంచి ఆయన కోసుకొచ్చిన పుట్టగొడుగు. మానును కుళ్ళబెడుతూ, గోడకు కొట్టిన చిన్న అరలా పెరిగే గట్టి రకం. ఇలాంటివాటికి సన్నటి రంధ్రాలు అడుగునే ఉంటాయి. దీనికి మాత్రం అడుగునా, పక్కనా కూడా ఉన్నాయి. అందుకని ఆయన దీనికోసం ఒక కొత్త ప్రజాతినే ఏర్పరచి, ‘రెండు ముఖాలది’ అని అర్థం వచ్చే పేరు పెట్టారు. పుస్తకాల్లో ఆయన పేరు నిలిచింది ఆ ఒక్కదానితోనే.

ఇప్పుడు ఎండబెట్టిన నమూనాలు దాచే హెర్బేరియంలో ఇలాంటి పుట్టగొడుగుల ప్రజాతులన్నిటినీ మళ్ళీ సరిచూసే పని ఆమెది. ఆయన దగ్గర నేర్చుకున్న పనే. నిన్న సన్న రంపంతో దీన్ని నిలువునా కోసి చూసింది.

“మామయ్యా, ఒకటి చెప్తాను. కోప్పడకూడదు.”

“ముందు చెప్పవే. కోపం సంగతి తర్వాత చూద్దాం.”

ఆమె కోసిన ముక్కనూ భూతద్దాన్నీ ఆయన చేతిలో పెట్టింది. పాత పొరలన్నీ ఒకవైపుకు ఉన్నాయి. ఒకచోట ఠక్కున మలుపు తిరిగి, కొత్త పొరలు ఇంకోవైపుకు పెరిగాయి.

“చెట్టు నిలబడి ఉన్నప్పుడే ఇది పుట్టింది. తర్వాత చెట్టు పడిపోయింది, దీని అడుగు పక్కకు తిరిగింది. అయినా ఇది చావలేదు. నేల ఎటుందో చూసుకుని, అటువైపు మళ్ళీ రంధ్రాలు వేసుకుంది. దీనికి రెండు ముఖాలు లేవు మామయ్యా. ఇది ఎప్పటినుంచో తెలిసిన ప్రజాతిలోదే.”

ఆయన భూతద్దం దించలేదు. వంటింట్లోంచి అత్తయ్య తొంగి చూసింది.

“ఏమిటే, మీ మామయ్య అంతలా ఏం చూస్తున్నారు?”

“ఆయన పెట్టిన ప్రజాతి పోయింది అత్తయ్యా.”

“హమ్మయ్య! ఆ రెండు మొహాలదాని గురించి వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి.”

మామయ్యకు నవ్వు ఆగలేదు. “పడిన చెట్టు మీంచి కోశానని పెట్టె మీది చీటీలో నా చేత్తో నేనే రాశాను చూడు! చెట్టు పడిందని దానికి తెలిసింది, నాకు తెలియలేదు.”

ఆమె ఊపిరి పీల్చుకుంది. హెర్బేరియంలో పాత చీటీని చింపరు, కొట్టెయ్యరు. దాని కిందే కొత్త పేరుతో ఇంకో చీటీ అంటిస్తారు. ఆమె సంచీలోంచి ఖాళీ చీటీ, జిగురు తీసింది.

“ఇటివ్వు, నేను రాస్తా.”

ఆయన పుట్టగొడుగు అసలు పేరు గుండ్రంగా రాశారు. ‘సరిచూసినవారు’ అన్నచోట ఆమె పేరు వేసి, పక్కనే తన పేరూ చేర్చారు.

“మీ పేరెందుకు మామయ్యా?”

“నా ప్రజాతిని కూల్చిన వాళ్ళలో నేను లేకపోతే ఎలాగే?” అన్నారాయన, చీటీ వెనక జిగురు పూస్తూ.