కొండను మోసినవాళ్లు

నిజాంసాగర్ కట్ట పని ముగిసిన కొన్నేళ్లకు పోచన్న కళ్లకు పొర కమ్మింది. మొదట ఉలి మొన కనపడటం మానేసింది, ఆ తరువాత ఉలే కనపడలేదు. వడ్డెర ఇంట పుట్టి రాయి కొట్టడం తప్ప మరో బతుకు ఎరగని మనిషి. ఎల్లారెడ్డిలో కూతురు బాలలక్ష్మి ఇంటి అరుగు మీద పొద్దస్తమానం ఊరికే కూచునేవాడు. కట్టుకున్న భార్య లింగవ్వకు అది చూడటమే కష్టంగా ఉండేది.

చలికాలం మొదట్లో ఒకరోజు ఉన్నట్టుండి, "మునులగుట్టకు పోదాం" అన్నాడు.

"కండ్లున్నన్ని దినాలు పోకపోతివి. ఇప్పుడు పోయి ఏం జూస్తవు?" అంది లింగవ్వ.

"మా నాయిన చెప్పెటోడు. గుట్టనే తొలిచి గుడి చేసిండ్రంట. ఏడ అతుకు లేదట. పని ఉన్నప్పుడు తీరిక లేకపాయె. ఇప్పుడు తీరికే ఉన్నదాయె."

లింగవ్వ సద్ది మూట కట్టింది. కామారెడ్డి నుంచి కట్టెల కోసం అడవికి పోతూ ఎల్లారెడ్డిలో ఆగిన బండి ఒకటి వాళ్లను గుట్ట కింది తండా దాకా తీసుకుపోయి దింపింది. తండాలో పశువులు కాసే బద్యా దారి చూపిస్తానన్నాడు. ఎప్పుడో పూర్వం బౌద్ధ సన్యాసులు అక్కడ ఉండేవాళ్లని అతనికి ఎవరో బాటసారి చెప్పాడు. అంతకుమించి అతనికి తెలియదు. తండావాళ్లు మాత్రం లోపల ఉన్నది మునిదేవుడంటారు.

టేకు చెట్ల మధ్య నుంచి బాట నిట్టనిలువుగా పోయింది. ముందు బద్యా, అతని వెనక లింగవ్వ, ఆమె భుజం మీద చెయ్యి వేసి పోచన్న. వేరు అడ్డం వచ్చినా, రాయి అడ్డం వచ్చినా ఆమె ముందే చెప్పేది. పోచన్న రెండుసార్లు బోర్లా పడబోయాడు. "నీ తీరిక సల్లగుండ" అని లింగవ్వ లోలోపల తిట్టుకుంది. నలభై ఏళ్లు నెత్తిన రాళ్లు మోసిన మెడ అది. ఈ మనిషిని ఎక్కించడం అంతకన్నా బరువనిపించింది.

చెట్లు ఒక్కసారిగా పలచబడ్డాయి. బద్యా చెప్పులు విప్పి పక్కన పెట్టాడు.

లింగవ్వ తలెత్తి అట్లాగే నిలబడిపోయింది. ఎదురుగా కొండ గోడలాగా లేచి ఉంది. ఆ గోడలో గుర్రపు లాడం ఆకారంలో ఇంత పెద్ద తోరణం. తోరణం కింది వాకిట్లోంచి లోపలికి చూస్తే రెండు వరుసల స్తంభాలు చీకట్లోకి నడిచిపోతున్నాయి. లోపల అడుగుపెట్టి పైకి చూసింది. కప్పుకు వాసాలున్నాయి, పెంకుటింటికి ఉన్నట్టే. కట్టె వాసాలు కావు, రాయి. కొండ కడుపులో ఎవరో ఇల్లు కట్టుకున్నట్టుంది.

"ఏంది, చెప్పవేమే?" అన్నాడు పోచన్న.

ఆమె ఆయన చెయ్యి తీసి స్తంభానికి ఆనించింది.

అంతే, ఇక పోచన్నకు ఆమె భుజం అవసరం రాలేదు. రెండు చేతులతో స్తంభాన్ని తడిమాడు, దాన్నుంచి గోడకు పోయాడు. గోడ వెంట మెల్లగా నడుస్తూ వేళ్లతో ఉలి దెబ్బలు వెతికాడు.

"ఈడ కొట్టినోనిది ఎడమచెయ్యి వాటం" అన్నాడు. ఇంకాస్త దూరం పోయి, "గీడ ఇంకొకడు. కొత్తోడు. భయపడుకుంట కొట్టిండు" అన్నాడు. "లింగీ, వీళ్లు మీదికెళ్లి కిందికి వచ్చిండ్రు. ముందుగాల కప్పు, ఆఖరుకు నేల. ఒక్క దెబ్బ తప్పితే మల్ల అతికేది లేదు. మొదలువెట్టినోనికి ఎరికనే ఉండె, నేల దాక తాను బతకడని."

లింగవ్వ ఆ హాలును ఈ కొస నుంచి ఆ కొసకు చూసింది. రాళ్లు మోసిన మనిషికి వచ్చే సందేహమే ఆమెకూ వచ్చింది.

"మరి గింత రాయి ఎటువోయింది?"

పోచన్న చేతులు ఆగాయి. "ఎటువోతది. మోసుంటరు. ఆడోళ్లే మోసుంటరు."

ఆమె బయటికి వచ్చింది. వాకిలి ముందు చదును, దాని అంచున కిందికి జారే వాలు. కాలితో ఆకులు పక్కకు తోసింది. రాతి పెచ్చులు. వంగి చేత్తో తవ్వింది. ఇంకా పెచ్చులే. వాలంతా, ఇప్పుడు ఎక్కి వచ్చిన ఆ వాలంతా, గంపలతో తెచ్చి పోసిందే. ఏ కాలంలోనో పోసిన ఆ కుప్ప మీద టేకు చెట్లు మొలిచి, మానులై, పెచ్చులను వేళ్లతో పట్టుకుని నిలబడ్డాయి.

లింగవ్వ ఆ పెచ్చుల పక్కనే కూచుంది. తనకు తెలియకుండానే చెయ్యి నడినెత్తి మీదికి పోయింది. గంప బరువుకు అక్కడ వెంట్రుకలు ఎప్పుడో రాలిపోయాయి.

చాలాసేపటికి లోపలికి వచ్చేసరికి పోచన్న హాలు చివర నిలబడి ఉన్నాడు. అక్కడ చీకట్లో మునిదేవుడు కూచుని ఉన్నాడు, రెండు నిలువుల ఎత్తు. ఆమె భర్త చేతిని దేవుడి పాదం మీద పెట్టింది. పోచన్న ఆ కాలివేళ్ల గోళ్లు తడిమాడు, మడమ తడిమాడు, మోకాలి దాకా చెయ్యి చాపాడు. అక్కడికే అందింది.

"మొఖం ఎట్లున్నది? నవ్వుతున్నడా?"

"నవ్వు కాదు" అని లింగవ్వ ఆ ముఖం మళ్లీ చూసింది. "పసిబిడ్డ నిద్రపోయినంక తల్లి మొఖం ఎట్లుంటది, గట్ల."

"కండ్లు?"

ఆ మాట చెప్పడానికి ఆమె కాస్త తటపటాయించింది. "మూసుకున్నయి. మొత్తం కాదు. సగం."

పోచన్న ఆ రాతి కాలికి నుదురు ఆనించి నిలబడ్డాడు. అప్పుడే వాలుతున్న పొద్దు తోరణంలోంచి దూరి, స్తంభాల మధ్యగా వచ్చి, దేవుడి ముఖం మీద పడింది. చీకటిగా ఉన్న రాయి తేనె రంగుకు తిరిగింది. పెదవుల దగ్గర ఊపిరి కదిలినట్టయింది. లింగవ్వ ఒక అడుగు వెనక్కు వేసింది.

"ఏమైంది?" అన్నాడు పోచన్న.

"ఎండ వచ్చింది. నాతోని చెప్పుడైతలేదు."

"చెప్పకు. నాకు తెలుస్తున్నది." ఆయన వీపు మీదా అదే ఎండ పడుతోంది.

"పోదాం బాపూ" అని వాకిలి దగ్గర నుంచి బద్యా మెల్లగా పిలిచాడు. "చీకటైతే ఎలుగుబంట్లు తిరుగుతయి."

దిగేటప్పుడు లింగవ్వ అడుగు అడుగూ చూసి వేసింది. పెచ్చుల మీద కాలు బరువుగా పెట్టడానికి మనసొప్పలేదు. పోచన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు, ఎడమచేతి వాటం వాడి గురించి, వాడిని నిన్న కలిసి వచ్చినట్టు.

మర్నాడు ఇల్లు చేరాక బాలలక్ష్మి నీళ్లిస్తూ అడిగింది. "బాపు కండ్లు రావాలె అని మొక్కినవా అవ్వా?"

లింగవ్వ చెంబు అందుకుంది. "మొక్కుడు యాదికే రాలేదు బిడ్డా. మీ బాపుకూ రాలే."

వాడలో ఆడవాళ్లు వచ్చి గుట్ట మీద ఏముందని అడిగేవాళ్లు. లింగవ్వ కప్పు గురించి మొదలుపెట్టి, స్తంభాలు చెప్పి, పాదాల దాకా వచ్చేది. ముఖం దగ్గర ఆగిపోయేది. "పోయి చూసి రాండ్రి" అనేది. ఎండలు ముదరకముందే భూమక్క, ఎంకవ్వ, ఇంకా కొందరు బద్యాను వెంటబెట్టుకుని పోయి వచ్చారు. వచ్చినవాళ్లెవరూ ఆమెను మళ్లీ ఏమీ అడగలేదు.