తల్లి మేతకు దిగిన వేళ

లౌరియానో దుర్భిణి అద్దాలను చొక్కా కొసతో తుడిచి మళ్ళీ కళ్ళకు ఆనించుకున్నాడు. నడిసముద్రంలోని పికో దీవి దక్షిణపు కొండ అంచున, కుర్చీ, బల్ల పట్టేంత రాతి గది. అడ్డంగా కోసిన సన్నటి కిటికీ. నలభై రెండేళ్ళుగా అతని పొద్దు అక్కడే మొదలవుతుంది, అక్కడే వాలుతుంది. దుర్భిణి ఒరిపిడికి ఎడమ కనుబొమ్మ మీద కాయ కాసింది.

పడవెక్కితే చాలు, వాంతి చేసుకునే మనిషి. అందుకే ఊళ్ళో మగవాళ్ళంతా ఈటెలు పట్టుకుని సముద్రం మీదికి పోయిన రోజుల్లో అతన్ని కొండ మీద కూర్చోబెట్టారు. తిమింగలం చిమ్మే ఆవిరి కనబడగానే తారాజువ్వ వదిలేవాడు. వేట ఆగిపోయాక జువ్వ పోయి రేడియో వచ్చింది, ఈటెలవాళ్ళు పోయి కెమెరాలవాళ్ళు వచ్చారు. చూడడం ఎప్పుడూ అతని పని, చెయ్యడం ఇంకొకరిది.

పదీ పదికి, రెండు మైళ్ళ దూరంలో ఒక తల్లి తిమింగలం తోక పైకెత్తి నిటారుగా దిగింది. అతను వాచీ చూసుకున్నాడు. దిగితే ముప్పావుగంట. కిలోమీటరు లోతున, కటిక చీకట్లో, టకటకమని శబ్దం చేస్తూ, ఆ శబ్దం తిరిగొచ్చే తీరును బట్టి పది చేతుల స్క్విడ్లను వెతుక్కుంటుంది. ఒడ్డున కోసిన తిమింగలాల పొట్టల్లోంచి చిలక ముక్కుల్లాంటి స్క్విడ్ ముక్కులు బుట్టలకొద్దీ రాలడం కుర్రతనంలో అతను చూశాడు. పిల్లకు అంత ఊపిరి ఉండదు. పైనే ఆగిపోతుంది. మామూలుగా మందలో ఎవరో ఒకరు కాపలా ఉంటారు. ఇవాళ మిగతావి ఎటు పోయాయో, దుంగలాంటి పిల్ల ఒక్కటే అటూ ఇటూ తిరుగుతోంది.

పదిన్నరకు తూర్పు నుంచి సరుకుల ఓడ వచ్చింది. దాని దారిని లౌరియానో కళ్ళతోనే గీసి చూశాడు. సరిగ్గా పిల్ల మీదుగా.

రేడియో అందుకున్నాడు. అవతల చెల్లెలి కూతురు ఒదీలియా, టూరిస్టుల పడవ నడుపుతుంది.

"ఎక్కడున్నావే?"

"పడమటి మొన దాటాను మావయ్యా. ఏమైనా కనబడిందా? ఇక్కడో ముసలాయన తిమింగలమేదీ తిమింగలమేదీ అని నా తల తింటున్నాడు."

"పిల్లొకటి ఒంటరిగా ఉంది. ఓడ దాని మీదికే వస్తోంది. రాగలవా?"

"గంట పడుతుంది. ఉండు, ఓడవాళ్ళతో మాట్లాడతా."

కాసేపు గరగర. "చూస్తామన్నాడు మావయ్యా. వాడి గొంతు వింటే చూసేలా లేడు."

లౌరియానో లేచి గది బయటికొచ్చాడు. "పక్కకి పోవే! పో, పిచ్చిమొహమా!" అని అరిచాడు. కోటు విప్పి ఊపాడు. కింద గడ్డిలో ఎవరిదో ఆవు తలెత్తి చూసి మళ్ళీ మేతలో పడింది.

వేట రోజుల్లో ముందు పిల్లనే పొడిచేవారు, తల్లి దగ్గరికొస్తుందని. ఆ జువ్వలు కూడా తనే వదిలాడు.

పదీ నలభై ఎనిమిదికి ఓడ ఆ చోటు దాటింది. దాని మీద ఎవరో తాడుకు బట్టలు ఆరేస్తున్నారు. వెనక తెల్లటి చార కాసేపు పొంగి సర్దుకుంది. అతను అంగుళం అంగుళం వెతికాడు. పిల్ల లేదు.

పదీ యాభై ఆరుకు తల్లి లేచింది. బుస్సున ఊపిరి వదిలింది. ఒకసారి చుట్టూ తిరిగింది. ఇంకోసారి. పది నిమిషాలు ఊపిరి తీసుకుని మళ్ళీ మేతకు దిగాల్సింది, దిగలేదు.

"ఏమైంది మావయ్యా? తల్లైనా ఉందా? వీళ్ళని అటు తీసుకురానా?"

చూసినదాని గురించి లౌరియానో ఏనాడూ అబద్ధమాడలేదు. రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు.

"లేదమ్మా. ఇక్కడేం లేదు. నువ్వు ఉత్తరానికి పో."

"సరే మావయ్యా," అంది ఒదీలియా. "రొట్టె తిన్నావా?"

"తింటాలే."

తినలేదు. తల్లి అక్కడక్కడే తిరుగుతుంటే సాయంత్రందాకా చూస్తూ కూర్చున్నాడు. నాలుగు దాటాక అది పడమటికి మళ్ళి మెల్లగా వెళ్ళిపోయింది.

అది వదిలిపోయిన నీళ్ళ మీద, లోతుల్లోంచి నోట కరుచుకొచ్చిన స్క్విడ్ చెయ్యొకటి, మనిషంత పొడవుది, తెల్లగా, ప్రతి అలకూ కాస్త ముడుచుకుంటూ కాస్త విచ్చుకుంటూ తేలుతోంది.