ఎవరి చావుకు మగ్గం ఆగాలి?

తిరుత్తణి పక్కన మా నేతవీధిలో ఒక కట్టుబాటు ఉంది. వీధిలో ఎవరు పోయినా శవం లేచేదాకా మగ్గం, మా మాటలో తరి, ఆడకూడదు. మురుగేశ్ చచ్చిపోయిన రోజు మాత్రం మా యజమాని దొరస్వామి మొదలాళి షెడ్డులో మరమగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

మురుగేశ్ చచ్చింది ఆ షెడ్డులోనే. పైతొడుగు ఊడిన పాత వైరు తగిలి, నా కళ్ళ ముందే గిలగిలా కొట్టుకుని ప్రాణం వదిలాడు. ఆ వైరు మార్చమని రెండేళ్ళుగా అడుగుతున్నాం. "తాగి పట్టుకున్నాడు" అని తేల్చేసి, ఆర్డరు ఉందంటూ మొదలాళి మమ్మల్ని మళ్ళీ మగ్గాల ముందు నిలబెట్టాడు. మేమూ నోరు మూసుకుని నిలబడ్డాం. అందుకు నాకిప్పటికీ సిగ్గే.

పదిహేను రోజులకు సరిహద్దు నుంచి రఘునాథ్ శవం వచ్చింది. మా షెడ్డులో కండెలు చుట్టే పుష్పవల్లక్కకు ఒక్కడే కొడుకు, సిపాయి. ఈసారి ఎవరూ అడక్కముందే మొదలాళి మగ్గాలన్నీ ఆపించాడు. షామియానా వేయించాడు. బ్యానరు మీద రఘునాథ్ కన్నా మొదలాళి మొహమే పెద్దది. మైకుసెట్టు కోసం అరగంటలో కొత్త కేబులు లాగించాడు. రెండేళ్ళుగా దొరకని వైరు అరగంటలో దొరికింది!

"దేశానికి ప్రతి ప్రాణమూ విలువైనదే" అని ఒక పెద్దమనిషి మైకులో అరిచాడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మురుగేశ్ కళ్ళు చచ్చినా చారెడు కాలేదు. అతని భార్య సుమతి జనం వెనక నిలబడి అంతా వింది. మర్నాటి నుంచి మొగుడి మగ్గం ఆమెదే, ఆ వైరు కిందే.

ఆ సాయంత్రమే శవం లేచింది. తెల్లారి మొదలాళి కేబులు చుట్టించబోయాడు.

"ఒక దినమంతా నిలిపినాం, సాలు. పోయి తరి ఆడించండి."

సుమతి మగ్గం వైపు కదిలింది. పుష్పవల్లక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆ వైరు కింద నిలవొద్దు పాపా. మొదలాళీ, ఆ కేబులు షెడ్డుకెయ్యి. మురుగేశ్ కరెంటు తగిలే సచ్చినాడని రాసియ్యి. అందాకా తరి ఆడదు."

"తాగి సచ్చినోడూ, దేశానికి సచ్చినోడూ ఒకటేనా?"

"ఇద్దురూ ఒకే బెంచీలో సదివినోళ్ళు. ఇద్దురికీ నా చేత్తో కూడు పెట్టినాను."

"వాడు తాగలేదు!" అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "పక్కనే ఉండి సూసినాను. సంపింది నీ వైరే."

"అవును, వైరే!" అని షెడ్డంతా అరిచింది.

పుష్పవల్లక్క గడప మీద కూర్చుంది. కొడుకు పెట్టె మీద కప్పిన జెండా మడతపెట్టి ఆమె ఒళ్ళోనే ఉంది. మొదలాళి ఫోనుకు పోలీసు జీపు వచ్చింది.

"ఎళుందిరుమ్మా! జవాను తల్లివి, ఇట్ల కూర్చుంటారా?" అన్నాడు ఎస్సై.

"నిన్న సెల్యూట్ కొడ్తివి గదా సారూ. ఈ పొద్దు లెయ్యమంటావా?"

"నీ కొడుక్కి నిలిపింది నిన్నటితో ఐపోయె గదే!" అని మొదలాళి మీదికొచ్చాడు.

"ఐపోయింది. ఇప్పుడు నిలిపింది మురుగేశ్‌కి."

ఆమెను జీపెక్కించారు. ఖాళీ అయిన గడప మీద సుమతి కూర్చుంది. సుమతినీ ఎక్కించారు.

ఇప్పుడు నేను కూర్చున్నాను. నా వెనక నలభై మంది ఉన్నారు. షెడ్డులో ఒక్క మగ్గమూ ఆడటం లేదు.